చేటలో ఉండగానే

న్యూకాసిల్

అమ్మకు నీ హెప్సిబా వందనాలు. ఒంట్లో బాగానే ఉంది. ఫోన్‌లో నా ముఖం చూస్తే పట్టేస్తావని కార్డు రాస్తున్నాను.

ఆస్పత్రి వార్డులో నాతో పనిచేసే ఒకావిడ నా మీద పైవాళ్ళకి లేనిపోని చాడీలు చెప్పింది. దాంతో డ్యూటీల రోటా మార్చి ఆదివారాలన్నీ నాకే వేశారు, చర్చికి వెళ్ళడమే కుదరడం లేదు. నిన్న కోపం పట్టలేక ఆవిడకి పెద్ద మెసేజ్ రాశాను. పంపేలోగా అన్నం పెడదామని బియ్యం పళ్ళెంలో పోస్తే, వేళ్ళు వాటంతటవే రాళ్ళు ఏరడం మొదలుపెట్టాయి. రూమ్మేట్ రిషిత ఒకటే నవ్వు: "ప్యాకెట్ బియ్యంలో రాళ్ళేంటే పిచ్చిదానా!"

అరుగు మీద చేట పట్టుకుని కూర్చున్న నువ్వే కళ్ళముందు కనిపించావు. బడి నుంచి ఎవరినో తిట్టుకుంటూ వస్తే, "మనసైనా ఇంతేనే. పంటి కింద పడ్డాక కాదు, చేటలో ఉండగానే ఏరెయ్యాలి" అనేదానివి. మెసేజ్ తీసేశాను. కోపం మాత్రం ఇంకా పోలేదు, నా కోసం ప్రార్థన చెయ్యి.

నాన్న బీపీ మాత్రలు వేసుకుంటున్నారా? జామమొక్కని మేకలు తినకుండా కంప కట్టారా? పాస్టరమ్మగారు వచ్చే నెల ఇక్కడికి వస్తున్నారట. ఆవిడతో పండుమిరప పచ్చడి, చిన్న చేట పంపించు.

ప్రభువు మిమ్మల్ని చల్లగా కాపాడుగాక. ఇక్కడి బియ్యంలో రాళ్ళుండవులే, అయినా చేట మర్చిపోకు.

నీ హెప్సి