ఉందా? లేదు. ఆగిపోతున్నాను.

చిట్టికి పెదనాన్న దీవిస్తూ, కాస్త విసుక్కుంటూ రాయునది.

బట్ట కత్తిరింపుకని నువ్వు రాసిన ప్రోగ్రాం అందింది. ఫోన్‌లో నువ్వు గడగడా చెప్పేది నా చెవికెక్కదు కాబట్టి ఉత్తరమే రాస్తున్నాను. నెలాఖరుకి మీ పెద్దమ్మ బ్యాండువాళ్లకు అరవై చొక్కాలు కుట్టివ్వాలి. ఆ నీలం బట్ట నేయడం మిల్లువాళ్లు మానేశారు. ఉన్నది సరిగ్గా అరవైకే వస్తుంది, ఒక్క కత్తెర తప్పు పడినా మళ్లీ దొరకదు. అందుకే నీ ప్రోగ్రాం గీసిచ్చిన గీతల మీదే కోస్తానని పట్టుబట్టింది.

నువ్వు చెప్పినట్టే ముందు తనిఖీ స్క్రిప్టు నడిపాను. "కంపైలర్ ఉందా? లేదు. ఆగిపోతున్నాను" అని మూతి ముడుచుకుంది. గంటసేపు బతిమాలాను.

ఇట్లు,
పెదనాన్న, లిఫ్టుల తనిఖీ చేసి రిటైరైనవాడు

తా.క.: మీ పెద్దమ్మ దాని ఎదురుగా కత్తెర ఆడించి బెదిరించింది. లాభం లేకపోయింది.

*

పెదనాన్నకు నమస్కారాలు, పెద్దమ్మ కత్తెరకు మరో రెండు.

అది అలగలేదండీ. ప్రోగ్రాం తయారవడానికి కావలసిన సరంజామా మీ కంప్యూటర్లో ఉందో లేదో చూడటమే దాని పని. నేను రాసినదాన్ని కంప్యూటర్ నడపగలిగేలా మార్చేది కంపైలర్. అదెలా పెట్టుకోవాలో వెనక కాగితం మీద రాశాను. పెట్టాక స్క్రిప్టు మళ్లీ నడపండి. ఏది లేదంటే అది పెట్టండి.

మీ చిట్టి

తా.క.: దయచేసి స్క్రిప్టు తెరిచి లోపల చూడకండి. మీ చేతికి స్క్రూడ్రైవర్ దొరికితే ఇంట్లో ఏమవుతుందో నాకు తెలుసు.

*

చిట్టికి, కోపానికి బ్రేకు వేసుకుని పెదనాన్న రాయునది.

కంపైలర్ పెట్టాను. "గీతల సాధనం లేదు" అని ఆగింది. అదీ పెట్టాను. "ప్రింటర్ సాధనం లేదు" అంది. నిక్షేపంలా ఉంది! వేరే ఫోల్డర్లో ఉంది, అంతే. ఒక్క అలమర తెరిచి చేతులు దులుపుకుంటుంది నీ స్క్రిప్టు, అచ్చం నేను కళ్లజోడు వెతికినట్టు. చివరికి తెచ్చి దాని ముక్కు కిందే పెట్టాను.

ముప్ఫై ఏళ్లు లిఫ్టులు చూశాను. లోపాలన్నీ ఒకే కాగితం మీద రాసిచ్చేవాణ్ణి. మొదటి లోపం దగ్గరే ఆగి ఇంటికెళితే ఉద్యోగం ఊడేది.

ఇట్లు,
ఇంకా ఆగిపోని పెదనాన్న

తా.క.: స్క్రిప్టు తెరిచాను.

*

పెదనాన్నకు, హడావుడిగా చిట్టి రాస్తున్నది.

"మీ పెదనాన్న అందులో ఉందీ లేదూ దిద్దుతూ కూర్చున్నారు" అని పెద్దమ్మ కార్డు రాసింది. నాకు అర్థమైపోయింది. "లేదు" అన్నచోటల్లా "ఉంది" అని దిద్దేశారు! తాడు తెగిన లిఫ్టు బాగుందని సంతకం పెట్టడం కాదూ ఇది? పెద్దమ్మ నా మాట నమ్మి ఈ పని ఒప్పుకుంది. ఆ బట్ట పాడైతే ఆవిడ మొహం ఎలా చూడను? ఆదివారం నేనే వస్తున్నాను. అప్పటిదాకా కత్తెర దాచేయండి.

మీ మీద మొదటిసారి కోపం వచ్చిన చిట్టి

తా.క.: ముప్ఫై ఏళ్లూ ఇలాగే తనిఖీ చేశారా? ఎక్కినవాళ్లంతా క్షేమమేనా?

*

ఎక్కినవాళ్లంతా క్షేమం. చిట్టికి పెదనాన్న రాయునది.

దిద్దిన మాట నిజమే, కానీ ఒక్కచోటే. "కొలతల సాధనం: ఉంది" అని ఒక వరుస కనిపించింది. మిగతావన్నీ వెతికి చెబుతుంటే ఇది మాత్రం వెతక్కుండానే ఉందంటోంది. చూడకుండా రాసిన "ఉంది" నాకు వాసనకే తెలుస్తుంది. వెతికితే ఆ సాధనం లేనే లేదు. అందుకే అక్కడ "లేదు" అని దిద్దాను.

లిఫ్టులోకి ముందు ఇసుక బస్తాలు ఎక్కించి చూశాకే మనిషిని ఎక్కనిచ్చేవాణ్ణి. అలాగే, ఆ వరుస దిద్దకముందే, సాధనం లేకపోతే ఏమవుతుందో చూద్దామని పాత పేపర్ మీద ఒక చొక్కా కోయించాను. నీ ప్రోగ్రాం అంగుళాలను సెంటీమీటర్లనుకుంది. ఆ చొక్కా కుట్టుమిషను తలకాయకు సరిగ్గా పట్టింది.

సాధనం పెట్టి, ఈసారి చూసి మరీ "ఉంది" అని రాసి, మళ్లీ పేపర్ కోసి, నా ఒంటి మీద చూసుకున్నాకే మీ పెద్దమ్మ బట్ట మీద కత్తెర పెట్టింది. అరవైకి అరవై వచ్చాయి. ఆదివారం తప్పకుండా రా. గుండీలు కుట్టే చేతులు కావాలి.

ఇట్లు,
పెదనాన్న

తా.క.: ఆ వరుస పక్కన నువ్వే రాసుకున్నావు, "తర్వాత చూద్దాం" అని. ఆ మాట రాసిపెట్టిన మూడు లిఫ్టులకు తాళం వేయించాను. నువ్వు ఇంటిపిల్లవి కాబట్టి ఆ కాగితం చొక్కాతో వదిలేస్తున్నాను. కవర్లో పెట్టాను, ఆదివారం వేసుకుని రా. పట్టకపోతే, తర్వాత చూద్దాం.