గేటు దగ్గరి గీత

అమ్మా,

డేరా కూలలేదు, ముగ్గురం క్షేమం. "ఇల్లు కడతారు గానీ ఎక్కడన్నా కుడతారా" అని మీ టైలరు అల్లుణ్ణి దెప్పావుగా! ఆయన కుట్టిన టార్పాలిన్ డేరా మొన్నటి వానకు చుక్క కారలేదు. ఆటల పార్కు వెనక మైదానంలోనే దిగాం. హోటలువాడు ఒక్క రోజుకు అడిగినదానితో ఇక్కడ నాలుగు రోజులు గడిచిపోతున్నాయి.

నిన్న పార్కు గేటు దగ్గర మాత్రం నా పై ప్రాణాలు పైనే పోయాయి. గోడ మీది గీతను అందుకోని పిల్లలకు టికెట్టు లేదనే కదా, బుడ్డిది ఇంకా పెరగకముందే బయల్దేరాం. అదేమో నువ్వు నేర్పినట్టే నిటారుగా నిలబడి, చాలదని మునివేళ్ల మీద లేచి, "నేను పెద్దదాన్నయిపోయాను, నాకూ టికెట్టు ఇవ్వండి" అంది. మీ అల్లుడు జేబు మీద చెయ్యి వేసుకున్నాడు. గేటు దగ్గరావిడ నవ్వి, "మడమలు దించు తల్లీ" అంది. రెండు వేళ్ల తేడాతో గట్టెక్కాం.

కుక్కరు విజిలు మీ ఇంట్లోనే వదిలేశానేమో, పొయ్యి గట్టు మీద చూడు. మా మొక్కలకు నీళ్లు పోస్తున్నావా? నాన్న మోకాలి నొప్పి తగ్గిందా? నమస్కారాలు చెప్పు.

బుడ్డిది పొట్టిదాన్నని ఇంకా వెక్కుతూనే ఉంది. ఆదివారం వస్తాం. రాగానే మీ వంటింటి గుమ్మానికి ఆనించి కొలిచి, బాగా పెరిగావని చెప్పు. అక్కడ ఎంత పెరిగినా టికెట్టు లేదు కదా.