ఎవరి వైపు గాలి

కైసర్స్‌లౌటర్న్, జర్మనీ,
1 జూలై 2025, మంగళవారం.

అత్తయ్యకి ఒళ్ళు తుడిచాను. దుప్పట్లు ఉతికి ఆరేశాను. ఎండ రాకుండా కిటికీలన్నిటికీ రోలాడెన్ షట్టర్లు దించాను. పెరుగన్నం మెత్తగా పిసికి పెడితే రెండు ముద్దలు తిన్నారు. ఫ్యాన్ కోసం ఊరంతా తిరిగాను, ఏ షాపులోనూ మిగల్లేదు.

రత్నకుమారి వదినగారికి,

ఫోన్లో మాట్లాడుకుంటే మనిద్దరికీ గొంతు లేస్తోంది. అందుకే ఈ డైరీ పేజీలోనే రాసి, ఫోటో తీసి పంపుతున్నాను.

"నీ పురిట్లో కరెంటు లేకపోతే మా అమ్మ రోజూ విసనకర్ర పట్టుకుని కూర్చుంది. ఆ బాకీ ఇలా తీరుస్తున్నావా, ఊపిరాడని కొంపలో పడేసి?" అన్నారు మొన్న. ఆ మాట ముల్లులా గుచ్చుకుని ఉండిపోయింది. అబద్ధమైతే మరిచిపోయేదాన్ని.

మా ఇల్లు పైకప్పు కిందే. మధ్యాహ్నానికి పెనంలా కాలుతుంది. అత్తయ్య ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయని, విమానం ఎక్కించడం కుదరదని డాక్టరు చెప్పారు. ఇక్కడికి రావడానికి మీకు వీసా అపాయింట్‌మెంటు దొరకలేదు. నయం చేయలేను, పంపలేను, మిమ్మల్ని రప్పించలేను. "ముఖానికి గాలి తగిలేలా చూడండి, ఆయాసం కాస్త ఉపశమిస్తుంది" అన్నారు డాక్టరు. నా చేతిలో ఉన్నది అదొక్కటే.

మా అక్షయ పాత బొమ్మకారు విప్పి మోటారు తీశాను. నీళ్ళ సీసా పైభాగం కోసి, మూతదాకా చీల్చి, రెక్కల్లా వంచాను. సూది కాల్చి మూత నడుమ చిల్లుపెట్టి మోటారుకు గుచ్చాను. ఐస్‌క్రీం పుల్లలు అతికిస్తే కాళ్ళయ్యాయి. బ్యాటరీలను రబ్బరుబ్యాండుతో కట్టి తీగలు ఆనించగానే గిర్రున తిరిగింది! అత్తయ్య మంచం పక్కన బల్లమీద పెట్టి, ఎదురుగా కూర్చుని బీన్స్ తరిగాను. గాలి నాదాకా వచ్చింది.

"ఎలా ఉంది అత్తయ్యా?"

"చల్లగా ఉందమ్మా, హాయిగా ఉంది."

ఎన్నాళ్ళకో నాకూ ఊపిరి ఆడినట్టయింది వదినా.

మీ మరదలు,
ఊర్మిళ


2 జూలై, బుధవారం.

వదినగారికి,

నిన్నటి ఉత్తరంలో రాసింది తప్పు.

ఎండలు ఎక్కువని ఇవాళ అక్షయ స్కూలు తొందరగా వదిలేశారు. వస్తూనే ఫ్యాన్ ముందు టిష్యూ కాగితం పట్టుకుంది. "ఫాల్ష్‌రుమ్, అమ్మా! తిరగేసి పెట్టావు. గాలంతా నీ వైపే వస్తోంది!" అని ఒకటే నవ్వు. బ్యాటరీకి తీగలు అటువి ఇటు కలిపాను. గాలి అటు మళ్ళింది. అత్తయ్య నుదుటిమీద వెంట్రుకలు కదిలాయి. బిగుసుకున్న భుజాలు కిందికి దిగాయి. అప్పుడు తెలిసింది, నిన్నంతా ఆమెకి గాలే తగల్లేదని.

"మరి హాయిగా ఉందన్నారేం అత్తయ్యా?"

"నువ్వు చెమటతో ముద్దయి ఉన్నావు. నీ ముంగురులు ఎగురుతుంటే చూడ్డానికి నాకు హాయిగానే ఉంది. తప్పని చెబితే మళ్ళీ అంతా ఊడదీసుకుని కూర్చుంటావు. బీన్స్ ఎవరు తరుగుతారు?"

ఏడవాలో నవ్వాలో తెలియలేదు. నిన్న కూడా ఆవిడే నాకు విసిరినట్టయింది.

కాసేపటికి రెక్కలు నెమ్మదించి ఆగిపోయాయి. బ్యాటరీల కోసం అక్షయ పరుగెత్తింది. నేను అట్టపెట్టె మూత చించి విసరడం మొదలుపెట్టాను. ఆవిడ ఆయాసం తగ్గలేదు, పెరగనూ లేదు. చెయ్యి మార్చుకుంటుంటే అత్తయ్య నా మణికట్టు పట్టుకున్నారు.

"రత్న అన్నది విన్నానులే, ఫోను స్పీకర్లోనే ఉంది. అది రాలేకపోతున్నందుకు నీ మీద అరుస్తోంది. దాని వంతు కూడా నువ్వే విసిరావని రాయి. విసనకర్ర బాకీ తీరిపోయిందని, నేనే చెప్పానని రాయి."

"అప్పుడే ఎందుకు అత్తయ్యా? ఇంకా చాలా ఉంది" అన్నాను.

"రాయమన్నానా?" అని కళ్ళు మూసుకున్నారు.

ఆవిడ ఇంత తొందరపడుతుంటేనే నాకు భయంగా ఉంది వదినా. ఎడమచేత్తో విసురుతూ కుడిచేత్తో రాస్తున్నాను.

అత్తయ్య మాట ప్రకారం, విసనకర్ర బాకీ చెల్లు.

ఊర్మిళ