బెల్లు మీద పేరు

డ్రెస్డెన్,
14 నవంబరు 2025

ప్రియమైన అయేషాకు,

సలాం. నువ్వూ, అమ్మీ, అబ్బూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. నేను బాగానే ఉన్నాను. ఫోన్లో నన్ను బ్లాక్ చేశావు గానీ పోస్ట్‌మాన్‌ని చేయలేవుగా, అందుకే ఈ ఉత్తరం. చింపాలనిపిస్తే చింపేయ్, కానీ చదివాక చింపు.

డ్యూసెల్‌డార్ఫ్ వదిలి ఏడాదైంది. ఇక్కడ కంప్యూటర్ చిప్‌ల ఫ్యాక్టరీలో పని. ఎనభై ఎనిమిదేళ్ల ముసలావిడ ఇంట్లో గది అద్దెకు తీసుకున్నాను. నా పప్పుచారు ఘాటుకి ఆవిడ కిటికీలన్నీ తెరుస్తారు, ఆ వెంటనే గిన్నె ముందుకు చాపుతారు. వీధి తలుపు బెల్లు మీద ‘వెబర్’ అని ఉండేది కాబట్టి నేనూ ఫ్రావ్ వెబర్ అనే పిలిచేదాన్ని.

ఆగస్టులో కంటి డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్ ఉంటే తోడు వెళ్లాను. కౌంటర్లో రూత్ సెలిగ్మాన్ అని పిలిస్తే ఈవిడ లేచారు. తిరిగొచ్చేటప్పుడు ట్రామ్‌లో సంగతి చెప్పారు. వాళ్లు యూదులట. ఆవిడకి ఐదేళ్లప్పుడు వాళ్లమ్మ ఒక పల్లెలో, వెబర్ అనే రైతు ఇంట్లో వదిలి, ఎవరడిగినా నీ పేరు వెబర్ అనే చెప్పమని వెళ్లిపోయిందట. తర్వాత అమ్మానాన్నల్ని నాజీలు రైలెక్కించారు. వాళ్లు తిరిగి రాలేదు. ఆవిడ మాట ఎక్కడా తడబడలేదు.

నా సంగతి నీకు తెలుసుగా, ఎవరూ అడగని సాయం చేస్తే గానీ నిద్రపట్టదు. మనవైపు ఇల్లు కట్టుకోగానే గేటు పక్కన పేరు చెక్కించుకుంటాం కదా. ఈవిడ సొంత పేరు గుమ్మానికి ఎక్కనే లేదే అనిపించింది. పుట్టినరోజు కానుకగా ఇత్తడి పలక చెక్కించాను. ఆవిడ రొట్టె కొనడానికి వెళ్లగానే ‘వెబర్’ చీటీ తీసేసి పలక బిగించాను. పైన కేకు పెట్టుకుని, ఎంత మురిసిపోతారో అనుకుంటూ కూర్చున్నాను.

గంట దాటినా రాలేదు. కిందికి దిగితే ఎదురుగా ట్రామ్ స్టాపులో, రొట్టె సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. బెల్లు మీద తన అసలు పేరు చూసి, ఆ తలుపు దాటి లోపలికి రాలేకపోయారట. ఇప్పుడెవరూ ఏమీ చేయరు కదా అని తెలివితక్కువగా అన్నాను. ఆవిడ కోప్పడలేదు. వెబర్ అని చెప్పమన్నది అమ్మ, ‘ఇక చాలు, నీ పేరు చెప్పుకో’ అనడానికి అమ్మ మళ్లీ రాలేదు అన్నారు. ఆ పేరు పెట్టాలన్నా తీయాలన్నా తన చేత్తోనే జరగాలి గానీ మధ్యలో ఇంకొకరి చెయ్యి పడకూడదన్నారు. నాకు ఏడుపొచ్చింది.

పలక విప్పేసి పాత చీటీ మళ్లీ పెట్టాను. పలకని ఆవిడ పారేయలేదు. లోపలివైపు, కోటు తగిలించే కొక్కెం కింద పెట్టుకున్నారు. మొన్న అక్కడే బూట్లు వేసుకుంటూ, ఇదివరకటి ఇంట్లో బెల్లు మీద ఎవరి పేర్లుండేవని అడిగారు. నాదొక్కటే అన్నాను. ఒక్కదానివే ఉండేదానివా అన్నారు. నేను కొళాయి కట్టేయాలని చెప్పి వంటగదిలోకి వెళ్లిపోయాను.

ఆవిడ పడ్డదానికీ మన గొడవకీ పోలిక లేదు. పెడితే పాపం. కానీ ఆ ప్రశ్న నన్ను వదలడం లేదు. డ్యూసెల్‌డార్ఫ్‌లో రెండేళ్లు ఒకే కప్పు కింద ఉన్నాం. ఈ దేశంలో బెల్లు మీద పేరు లేనివాళ్లకి ఉత్తరాలు ఇవ్వరు కదా, అలాగే నీ వీసా ఉత్తరం వెనక్కి పోయింది. వీసా ఆఫీసు అపాయింట్‌మెంట్ పోయింది, ఆ వెనకే ఉద్యోగమూ పోయింది. ఓనర్ ఒక్క పేరే ఉంచమన్నాడని నేనంటే, ఇంకోసారి అడిగి చూడమని ఎన్నిసార్లు బతిమాలావో. చివరికి నీ మీదే అరిచాను. క్షమించమని అడిగే ముందు చెప్పాల్సింది ఒకటుంది. ఈ పేజీ అంతా రాసినా అది మాత్రం రాయలేకపోయాను.

నీ
హారిక

తా.క.: ఓనర్ ఆ మాట అనలేదు. మన ఇద్దరి పేర్లూ ఆయనే అతికించి తాళాలిచ్చాడు. నువ్వు ఆ ఇంట్లో దిగడానికి వారం ముందు మా పెద్దమ్మావాళ్లు చూడ్డానికి వస్తున్నామన్నారు. నీతో ఒకే వంటింట్లో ఉండబోతున్నానని తెలిస్తే ఏమంటారోనని, నీ పేరున్న చీటీ గోటితో గీకి తీసింది నేనే. వాళ్లు వచ్చి వెళ్లాక కూడా మళ్లీ పెట్టలేదు. రెండేళ్లు నువ్వు ఆయన్ని తిడుతుంటే పక్కన కూర్చుని అవునవునన్నాను.