అమ్మ గొంతు

మంగళవారం

కంపెనీలు పెట్టి, అమ్మి ఎదిగిన మా సారును వేరే దేశానికి రాయబారిగా పంపుతున్నరని టీవీల చూపించిండ్రు. మణుగూరుల మా మంచం మీద కూసొని, "అమ్మా, నీ కోయ భాష మా యాప్‌ల ఎప్పటికీ ఉంటది" అన్నది ఈయనే. అమ్మతోని మాట్లాడించి రికార్డు చేసింది నేను. ఆమె పోయి మూడు నెలలు. ఆ రికార్డింగులన్న ఇయ్యమని సూపర్‌వైజర్ రమేషన్నకు ఫోన్ చేసిన.

"కంపెనీ అమ్మేసినప్పుడే అన్నీ తుడిచేసిండ్రు తమ్మీ. ఇప్పుడు సారును ఎవలడుగుతరు?"

దేశం తరఫున మాట్లాడుతడట, థూ!

రికార్డింగులు కంపెనీకి పంపినంక ఫోన్ల కాపీ ఉంచొద్దని రూల్. బుద్ధిమంతుని లెక్క తీసేసిన. రికార్డింగుల ఆఖరి రోజు అమ్మ విసుక్కొని, "ఇగ ఆపు కొడకా, అన్నం తిందువు రా" అన్నది. పనికిరాదని ఆ ముక్కను నేనే కోసేసి పంపిన.