సెప్టిక్ టాంకులో ఫినాయిలు

మార్కాపురం, 1937

మార్చి 3

టాంకు మీద నాపరాళ్లు కప్పడం అయింది. చెంచమ్మకు తుంటి విరిగి ఏడాది. కర్ర పట్టుకుని కూడా కంపచెట్ల దాకా పోలేకపోతోంది. పెళ్లాం కోసం ఇంట్లో పాయఖానా కట్టిన మొగుణ్ణి ఈ వీధిలో నేనొక్కణ్ణే. ఓవర్సీరు కరుణాకరం ప్లాను గీసిచ్చాడు. పేడనీళ్లు పోయించి, లోపల పురుగులు పుడతాయి, అంతా అవే తిని నీళ్లు చేస్తాయి అన్నాడు.

మా టాంకులో ఒక జంతువుంది, రోజూ మేత వేయాలని నేను మేస్త్రీగా ఉన్న పలకల ఫ్యాక్టరీలో చెప్పాను. సాయంత్రం నలుగురు చూడ్డానికి వచ్చారు. ఒకడు పచ్చగడ్డి తెచ్చాడు. చెంచమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది.

మార్చి 29

వారం నుంచి రోజూ పాయఖానాలో ఫినాయిలు పోస్తున్నాను. ఇల్లంతా ఆస్పత్రి వాసన. దర్జాగా ఉంది.

ఏప్రిల్ 17

టాంకు పొంగింది. మురుగు పక్కింటి ఆదిలక్ష్మమ్మ వాకిట్లోకి పారింది. ఏంది బావా, మీ జంతువు మా ఇంటికొచ్చిందే అని దెప్పింది. పదిమంది పోగయ్యారు. నా నోరు ఊరుకోదు. ఏం చేసేది ఆదిలచ్చమ్మా, వానకు చెరువు నిండలేదు గానీ మీ చెంచమ్మక్క ఒక్కతే టాంకు నింపింది అన్నాను. అందరూ నవ్వారు. చెంచమ్మ కూడా నవ్వింది.

ఏప్రిల్ 19

కరుణాకరం మూత తీయించి చూశాడు. ఏందయ్యా మేస్త్రీ, ఫినాయిలు పోసినావా, పురుగులన్నీ సచ్చినాయి, ఇంక తినేదెవరు అని తిట్టాడు. మళ్లీ పేడనీళ్లు పోయించాడు. తప్పు నాదేనన్నమాట.

ఆయన ఏమన్నాడని చెంచమ్మ లోపలినుంచి అడిగింది. నీ ఒక్కదానికే ఇంకో టాంకు కట్టాలంటున్నాడే అన్నాను. నిజం చెబితే జోకు చెడుతుందని.

ఏప్రిల్ 28

చెంచమ్మ సంగటి సగమే తిన్నది. వంట నాది, బాగుండే ఉంటుంది.

మే 6

ఎండకు రాళ్లు పగిలేట్టున్నాయి. చెంచమ్మకు జ్వరం, నడుంనొప్పి. నీళ్లు తాగుతున్నావా అమ్మా అని డాక్టరు అడిగాడు. తాగతానే ఉండా సామీ అన్నది.

మే 9, సాయంత్రం

మంచం పక్క కుండను నేను నింపి నాలుగు రోజులు. ఇవాళ మూత తీసి చూస్తే వేలెడు కూడా తగ్గలేదు. అడిగితే ముఖం తిప్పుకుంది. గట్టిగా అడిగాను. తాగితే పాయఖానాకు పోవల్ల గదా, మళ్లా టాంకు పొంగితే నలుగురిలో నీకు నామర్దా అన్నది.

నాకట.

కాళ్లు పట్టుకుని ఫినాయిలు సంగతంతా చెప్పాను. నమ్మలేదు. ఇట్లాంటివి నాకాడ ఎన్ని చెప్పినావు, ఇదీ ఒక పరాచికమేలే అని నా చెంప తట్టింది. చెయ్యి కాలుతోంది. చెంబు నోటికి పెట్టాను. నా కోసం రెండు గుక్కలు మింగింది. మిగతాది మెడ మీదుగా కారిపోయింది.

మే 12

పొద్దున పది గంటలకు పోయింది. మూత్రం బందై మూడు రోజులైందని ఆదిలక్ష్మమ్మతో మాత్రం అన్నదట. డాక్టరుకు కూడా చెప్పలేదు.

జూన్ 1

కరుణాకరం వచ్చి మూత తీశాడు. పురుగులు మళ్లా పుట్టినాయి మేస్త్రీ, వాసన లేదు చూడు అన్నాడు. చూశాను. లేదు.

జూన్ 2, మధ్యాహ్నం

పొద్దుటినుంచి తొమ్మిది చెంబుల నీళ్లు తాగాను. దాహం లేదు.