ధనియాల పొట్లం

శుక్రవారం, బేతంచెర్ల

నా మాసపత్రికలన్నీ ఈయన అంగడికి మోసుకుపోయాడు. "ప్రేమా దోమా అని ఇవి చదివి చెడిపోతాండావు. పొట్లాలకన్నా పనికొస్తాయి" అని జనం ముందే చింపడం మొదలుపెట్టాడు. ఏడుపొచ్చింది. ఈయన ముందు మాత్రం ఏడవను.

అప్పుడే ఎదురింటి సుబ్బక్క ధనియాలకు వచ్చింది. ఈయన పొట్లానికి తీసిన కాగితాన్ని చూడగానే గుర్తుపట్టాను. 'మీ భర్త మిమ్మల్ని ప్రేమిస్తున్నారా?' అనే ప్రశ్నల పేజీ అది. జవాబులన్నీ నేను పెన్నుతో నింపినవే. 'ఆయన చివరిసారి మీ చేయి ఎప్పుడు పట్టుకున్నారు?' అన్నదానికి 'పెళ్లిలో, అయ్యవారు పట్టుకోమంటే' అని రాశాను.

ఆపగలిగేదాన్నే. ఆపలేదు. సుబ్బక్క పొట్లం కాగితం కూడా వదలకుండా చదివే మనిషి, పైగా నా అక్షరాలు గుర్తుపడుతుంది.

సాయంత్రం అంగడి నిండా జనం ఉండగా వచ్చింది. "ఏమప్పా శెట్టీ, పెండ్లాం చేయి పట్టుకోనీకె మళ్లీ అయ్యవారిని పిలవల్లా?" అంది. అందరూ నవ్వారు. ఈయన ఏమీ అర్థం కాక నా వైపు చూశాడు. నేను తల ఎత్తకుండా చింతపండు తూస్తున్నాను.

ఈ మాట వీధంతా పాకితే నా పరువూ పోతుంది... పోనీ. ఆ కట్టలో నేను నింపిన పేజీలు ఇంకా ఉన్నాయి. రేపు పొట్లాలు నేనే కడతాను.